హైడ్రోజన్‌ను భూమిలో దాచే శాస్త్రం: పుదుచ్చేరి, యానాం విద్యార్థులకు దారి ఎటు?

‘భూగర్భ హైడ్రోజన్ నిల్వ’ అనే పేరుతో పీజీ కోర్సు కోసం వెతికితే దొరకడం కష్టం. ఉద్యోగ ప్రకటనల్లోనూ ఆ మాట అరుదుగానే కనిపిస్తుంది. అయినా ఈ అంశంపై పలు దేశాల్లో పరిశోధనలు జోరుగా సాగుతున్నాయి. డిగ్రీ పూర్తిచేసి పీజీ ఎంచుకునే విద్యార్థికి ఇక్కడ రెండు సందేహాలు వస్తాయి. ఈ రంగంలో భవిష్యత్తు ఉందా? ఉంటే ఏ సబ్జెక్టుతో మొదలుపెట్టాలి?

అసలు భూమిలో ఎందుకు దాచాలి?

కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నుల ఉత్పత్తి లక్ష్యం. మొత్తం కేటాయింపు రూ.19,744 కోట్లు. తెలుగు తీరంలో అనకాపల్లి జిల్లా పూడిమడక వద్ద ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. యానాంకు దగ్గర్లోనే ఉన్న కాకినాడలో గ్రీన్ అమ్మోనియా ప్రాజెక్టు చేపట్టారు.

సౌర విద్యుత్ పగలే వస్తుంది. అమ్మోనియా, ఉక్కు కర్మాగారాలు మాత్రం రాత్రింబవళ్లు నడవాలి. అందుకే మధ్యలో నిల్వ తప్పదు. అయితే హైడ్రోజన్ చాలా తేలిక. ఒకే పీడనం దగ్గర, ఒకే పరిమాణంలో సహజవాయువు ఇచ్చే శక్తిలో ఇది ఇచ్చేది మూడో వంతే. వేల టన్నులు దాచాలంటే ఉక్కు ట్యాంకుల ఖర్చు తడిసి మోపెడవుతుంది. భూగర్భం వైపు చూపు మళ్లడానికి కారణం అదే.

మూడు రకాల చోట్లు

మొదటిది ఉప్పు గుహలు. మందపాటి ఉప్పు పొరలోకి నీళ్లు పంపి, కరిగిన ఉప్పును తోడేస్తే గుహ ఏర్పడుతుంది. బ్రిటన్‌లోని టీసైడ్‌లో 1972 నుంచి, అమెరికాలోని టెక్సాస్‌లో 1983 నుంచి ఇలా హైడ్రోజన్ దాస్తున్నారు. మన దేశంలో అలాంటి ఉప్పు పొరలు ప్రధానంగా రాజస్థాన్‌లో ఉన్నాయి. మన తీరంలో ఆ అవకాశం లేదు.

రెండోది గ్యాస్ తీసేసిన పాత క్షేత్రాలు. పుదుచ్చేరి పట్టణం కావేరీ బేసిన్ ఉత్తర అంచున ఉంది. యానాం కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఉంది. ఈ రెండు బేసిన్‌లలోనూ ఓఎన్జీసీ దశాబ్దాలుగా గ్యాస్ తీస్తోంది. అక్కడి ఇసుకరాళ్ల సన్నని రంధ్రాల్లో సహజవాయువు లక్షల ఏళ్లు నిలిచింది. అంతమాత్రాన హైడ్రోజన్ కూడా నిలుస్తుందని చెప్పలేం. దాని అణువు చాలా చిన్నది, కదలిక చాలా వేగం.

మూడోది గట్టి రాతిలో తొలిచిన గుహలు. వీటిలో విశాఖపట్నానికి అనుభవం ఉంది. అక్కడ సముద్ర మట్టానికి సుమారు 196 మీటర్ల దిగువన 60,000 టన్నుల ఎల్పీజీ గుహ ఉంది. 13.3 లక్షల టన్నుల ముడిచమురు గుహలు కూడా విశాఖలో ఉన్నాయి. చుట్టూ ఉన్న భూగర్భ జలం ఒత్తిడే ఎల్పీజీని బయటికి పోకుండా ఆపుతుంది.

అదే గుహలో హైడ్రోజన్ నింపితే? ఆ లోతులో నీటి ఒత్తిడి వాతావరణ పీడనానికి సుమారు 20 రెట్లు. ఎల్పీజీ అంతకంటే తక్కువ ఒత్తిడికే ద్రవమవుతుంది, హైడ్రోజన్ కాదు. లెక్క వేస్తే 60,000 టన్నుల ఎల్పీజీ పట్టేచోట హైడ్రోజన్ పట్టేది సుమారు 200 టన్నులే. మరింత ఒత్తిడితో నింపాలంటే గోడలకు ఉక్కు పూత వేయాలి. స్వీడన్‌లోని లులియోలో 2022లో ప్రారంభించిన ప్రయోగాత్మక గుహ అలాంటిదే. దాని పరిమాణం 100 ఘనపు మీటర్లు.

ఏ సబ్జెక్టుకు ఏ పని?

ఇది జియాలజీ వాళ్లకే పరిమితమైన రంగం కాదు. చెకోస్లొవేకియాలోని లోబోడిట్సేలో ఒకప్పుడు హైడ్రోజన్ ఎక్కువగా ఉన్న టౌన్ గ్యాస్‌ను భూమిలో దాచారు. కొన్ని నెలల్లో హైడ్రోజన్ గణనీయంగా తగ్గి, మీథేన్ పెరిగింది. భూగర్భంలోని సూక్ష్మజీవులు హైడ్రోజన్‌ను ఆహారంగా వాడుకోవడమే దానికి కారణమని తేలింది. ఏ ఉష్ణోగ్రతలో, ఎంత ఉప్పదనంలో ఆ జీవులు బతకలేవన్నది మైక్రోబయాలజీ విద్యార్థి తేల్చాల్సిన విషయం.

రాతిలోని ఖనిజాలతో హైడ్రోజన్ చర్యలను జియోకెమిస్ట్రీ వాళ్లు చూస్తారు. బావి గొట్టాల ఉక్కు పెళుసుబారడం మెటీరియల్స్ వాళ్ల సమస్య. ఎంత నింపితే ఎంత తిరిగి వస్తుంది, ఒత్తిడి కోసం ఎంత వాయువును ఎప్పటికీ లోపలే వదిలేయాలి అనేది కంప్యూటర్ మోడలింగ్ పని. ఇందుకు ఓపీఎం ఫ్లో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. పైథాన్ వచ్చిన విద్యార్థి ఇంట్లో కూర్చునే సాధన మొదలుపెట్టొచ్చు.

ఎక్కడ చదవొచ్చు?

కాలాపేటలోని పుదుచ్చేరి కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎర్త్ సైన్సెస్, మైక్రోబయాలజీ విభాగాలతో పాటు మదన్‌జీత్ గ్రీన్ ఎనర్జీ టెక్నాలజీస్ స్కూల్ ఉంది. ఈ మూడు సబ్జెక్టులూ ఒకే క్యాంపస్‌లో ఉండటం ఇలాంటి అంశానికి కలిసొచ్చే విషయం. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్‌లోని ఎన్జీఆర్ఐ, విశాఖలోని ఐఐపీఈ, ఆంధ్ర విశ్వవిద్యాలయం, పొరుగున ఐఐటీ మద్రాస్ ఉన్నాయి.

పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్ నెట్‌లో ఎర్త్ సైన్సెస్ పేపరు, గేట్‌లో జియాలజీ, పెట్రోలియం పేపర్లు ప్రధాన దారులు. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆపైన రూ.42,000 అందుతుంది. ఇంటి అద్దె భత్యం అదనం. ఫ్రెంచ్ వచ్చిన పుదుచ్చేరి విద్యార్థులకు మరో సౌలభ్యం ఉంది. ఫ్రాన్స్‌లోని ఎత్రేలో ఉప్పు గుహలో హైడ్రోజన్ ప్రయోగం చేపట్టారు. భారత పీహెచ్‌డీ విద్యార్థులు కొంతకాలం ఫ్రాన్స్ ప్రయోగశాలల్లో పనిచేయడానికి రామన్-చార్పాక్ ఫెలోషిప్ ఉంది.

చేరేముందు ఆలోచించాల్సింది

మిషన్ మొత్తంలో పరిశోధనకు ఇచ్చింది రూ.400 కోట్లు, అంటే సుమారు 2 శాతం. అందులోనూ నిల్వ ఒక భాగం మాత్రమే. దేశంలో వాణిజ్య స్థాయి భూగర్భ హైడ్రోజన్ నిల్వ ఇంకా మొదలు కాలేదు. కాబట్టి ఈ పేరు చూసి మాత్రమే చేరితే ఐదేళ్ల తర్వాత ఉద్యోగం దొరక్క ఇబ్బంది పడొచ్చు.

అలాగని ఆ చదువు వృథా పోదు. రాతిలో ద్రవాలు, వాయువులు ఎలా కదులుతాయో తెలిసినవారు కార్బన్ డయాక్సైడ్ నిల్వ, చమురు గుహలు, సహజవాయువు రంగాల్లోనూ పనిచేయగలరు. పుదుచ్చేరి తాగునీటికి ఆధారమైన భూగర్భ జలాల్లోకి సముద్రపు ఉప్పునీరు చొరబడకుండా చూసే పనికీ అదే విజ్ఞానం కావాలి.

అందుకే పీహెచ్‌డీలో చేరేముందు గైడ్‌ను మూడు విషయాలు అడగాలి. అధిక పీడనంలో హైడ్రోజన్‌తో సురక్షితంగా ప్రయోగాలు చేసే సదుపాయం ఉందా, లేకపోతే ఎక్కడ చేయిస్తారు? నిజమైన క్షేత్రాల రాతి నమూనాలు, బావుల సమాచారం దొరుకుతాయా? ఇంతకుముందు ఆ ల్యాబ్‌లో చదివినవారు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? ఈ మూడింటికీ స్పష్టమైన జవాబు వస్తే, పీహెచ్‌డీ అంశం పేరులో హైడ్రోజన్ ఉన్నా లేకపోయినా ఆ ల్యాబ్‌లో చేరొచ్చు.