బొగ్గు కుప్పలో ఒక ప్రశ్న
(విద్యార్థి పరిశోధనను గూర్చి)

గోదావరిఖనిలో పెరిగిన పిల్లలకు బొగ్గు కొత్త కాదు. చాల ఇండ్లలో బాయిపనికి పోయి వచ్చినవారు ఉందురు. కుప్పగా పోసిన బొగ్గు ఎవరును నిప్పు పెట్టకుండగనే వేడెక్కి పొగలు చిమ్ముట వారిలో కొందరు చూచియే యుందురు. ఆ నిప్పు ఎక్కడినుండి వచ్చినది?

గాలిలోని ఆక్సిజను బొగ్గుతో మెల్లగా కలియుచుండును. కలిసినపుడు కొంత వేడి పుట్టును. ఆ వేడిని గాలి తీసికొనిపోయినచో ప్రమాదము లేదు. కాని కుప్ప నడుమను, బొగ్గు తీసివేసిన తరువాత గనిలో మిగిలిన ఖాళీలోను గాలి కదలిక తక్కువ. అక్కడ వేడి నిలిచిపోవును. వేడి పెరిగినకొలది ఆక్సిజను మరింత వేగముగా కలియును, మరింత వేడి పుట్టును. ఇట్లు తనంత తానుగా రాజుకొన్న నిప్పు కార్బన్ మోనాక్సైడును వెడలించును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది ప్రాణము తీయు విషవాయువు.

కావున ఒక పొర బొగ్గు ఎంత సులభముగా వేడెక్కునో ముందే తెలిసికొనవలెను. ఇందుకు మన దేశములో వాడు పరీక్ష యొకటి కలదు. సుమారు 20 గ్రాముల బొగ్గుపొడిని గొట్టములో పోసి, సన్నగా గాలిని పంపుచు, కొలిమి వేడిని నిమిషమునకు 1 డిగ్రీ చొప్పున పెంచుదురు. మొదట పొడి వేడి కొలిమి వేడికంటె వెనుకబడి యుండును. కొంతసేపటికి బొగ్గు తనలో పుట్టిన వేడివలన కొలిమిని అందుకొని, దాటిపోవును. రెండును సమానమైన ఉష్ణోగ్రతను 'దాటు ఉష్ణోగ్రత' అనవచ్చును. అది 120 నుండి 140 సెంటిగ్రేడు డిగ్రీల మధ్య నున్నచో ఆ బొగ్గు సులభముగా రాజుకొనును. 140 నుండి 160 వరకు మధ్యరకము. 160 దాటినచో భయము తక్కువ.

ఇపుడు నాలుగవ సంవత్సరము మైనింగు చదువుచున్న ఒక విద్యార్థిని ఈ పరీక్షను ప్రాజెక్టుగా తీసికొన్నదనుకొందాము. ఒకే పొర బొగ్గును మూడుసార్లు పరీక్షించినది. 138, 139, 151 అని వచ్చినవి. (ఈ అంకెలు ఉదాహరణకు చెప్పినవి.) మొదటి రెండు చక్కగా సరిపోయినవి. మూడవది సరిపోలేదు. పుస్తకము సమర్పించుటకు వారము దినములే గడువు. ఆమె ఏమి చేయవలెను?

మూడవ అంకెను కొట్టివేయుట సులభము. కాని ఆమెకు దారి చూపు అధ్యాపకుడు, "కొట్టెయ్యకమ్మా, ఆ రోజు ఏం వేరుగా చేసినవో నోటుబుక్కు తీసి చూడు" అన్నాడు. చూడగా, మొదటి రెండు పర్యాయములు పొడిని ముందుగా ఆరబెట్టినది. మూడవమారు వానలో తడిసిన బొగ్గును అట్లే వాడినది.

లెక్క వేసి చూతము. 20 గ్రాములలో నూటికి 5 వంతులు తేమ యున్నచో నీరు 1 గ్రాము. అది ఆవిరి యగుటకు సుమారు 540 కేలరీల వేడి కావలెను. బొగ్గు విశిష్టోష్ణము సుమారు 0.3. అనగా 20 గ్రాముల బొగ్గును 1 డిగ్రీ వేడిచేయుటకు 6 కేలరీలు చాలును. ఆ 540 కేలరీలతో అదే బొగ్గును 90 డిగ్రీలు వేడిచేయవచ్చును! నీరు ఇంత వేడిని మ్రింగివేయుటచేత బొగ్గు వెనుకబడినది, అంకె పెరిగినది. ఆ అంకెను మాత్రమే చూచినవారు సులభముగా రాజుకొను బొగ్గును మధ్యరకమని పొరబడుదురు. తేమ ఎక్కువగానున్న బొగ్గులకు ఈ పరీక్ష నొక్కదానినే నమ్మరాదని పరిశోధకులు హెచ్చరించుటకు కారణ మిదియే. గనిలో ఒక భాగమును ఎన్ని నెలలలో ముగించి మూసివేయవలెనో నిర్ణయించుటలో ఇట్టి కొలతలకు పాత్ర కలదు.

ఆ విద్యార్థిని లోకమునకు తెలియని సత్యమును కనుగొనలేదు. అయినను ఆమె చేసినది పరిశోధనయే. సరిపోలని అంకెను దాచక, దాని కారణమును వెదకినది. ఇంకొకరు వ్రాసిన ప్రాజెక్టును కొని అట్ట వేయించి యిచ్చినవానికి ఈ భాగ్యము లేదు. వాని పుస్తకములో అంకెలన్నియు సరిపోయియే యుండును.

విశాఖపట్టణములో బాల్యవిద్య నభ్యసించిన సి. వి. రామన్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో విద్యార్థిగా నున్నపుడు, పట్టకముతో మామూలు ప్రయోగము చేయుచు, కాంతిపట్టీలు రెండువైపుల ఒకే తీరుగా లేకుండుట గమనించెను. దానిని పొరపాటని వదలివేయక పరిశీలించెను. 1906లో ఆ వ్యాసము ఇంగ్లండులోని 'ఫిలసాఫికల్ మ్యాగజైను'లో వెలువడెను. అప్పటికి ఆయన వయసు 18 ఏండ్లు. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థ 1969లో, పట్టభద్రులు కాని విద్యార్థులు ఆచార్యులతో కలిసి పరిశోధించు పద్ధతిని ఒక ఏర్పాటుగా ఆరంభించెను. దానిని నడిపినవారు మార్గరెట్ మెక్‌వికార్.

మన బొగ్గు ప్రాంతములో ఇట్టి పనికి అవకాశము దగ్గరనే కలదు. 2010లో స్థాపింపబడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువారి మంథని ఇంజనీరింగు కళాశాల గనుల ప్రక్కనే, సెంటినరీ కాలనీలో ఉన్నది. గాలి ప్రసారము, పైకప్పు నిలకడ, పేలుళ్ల అదురు, విద్యుత్కేంద్రపు బూడిద: ఒక్కొక్కటియు ఒక ప్రశ్నయే. అధ్యాపకుడు చేయవలసినవి మూడు పనులు. ప్రశ్నను ఒక సంవత్సరములో తేలునంత చిన్నది చేయవలెను. పరికరమును ముందు పరీక్షింపజేయవలెను. ప్రతి కొలతను ఆ దినమే సిరాతో వ్రాయించవలెను. జవాబును మాత్రము తాను చెప్పరాదు.

ఉన్నత పాఠశాలలో దీనికి పునాది వేయవచ్చును. రెండు ఉష్ణమాపకములు తీసికొనుడు. ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టుడు. ఒక నెల దినములు ఒకే వేళకు రెండింటిని చూచి వ్రాయించుడు. గని లోపలి గాలిలో తేమను కొలుచుటకు వాడు సాధనమునకును ఇదియే సూత్రము. ఎండకాలమున తేడా ఎక్కువ, వానకాలమున తక్కువ. బొగ్గుపొడిలో వేడిని మ్రింగిన నీరే ఇక్కడను మ్రింగుచున్నది. ఒకనాడు అంకె వింతగా వచ్చినచో దానిని తుడిపివేయనీయకుడు. "ఆ రోజు ఏం జరిగింది?" అని అడుగుడు.