తంగేడు మోపులో వచ్చిన అతిథి

సద్దుల బతుకమ్మనాటి ప్రాతఃకాలమున, నర్సంపేట దారిలోని పొలముగట్లపై కోసి తెచ్చిన తంగేడు మోపును హనుమకొండలోని మా యింటి అరుగుమీద విప్పుచుండగా, పసిడి పూగుత్తుల నడుమ ఒక పచ్చని ఆకు గాలి లేకయే ముందునకును వెనుకకును ఊగుచున్నట్లు నా కంటబడెను. వంగి చూచితిని. ఇరుప్రక్కల నదిమినట్లున్నను పుష్టిగా తోచు మేనును, శిఖవలె లేచిన నడినెత్తియు, చుట్టచుట్టుకొన్న తోకయు గల ఊసరవెల్లి అది. దాని యొక కన్ను నన్నును, రెండవ కన్ను నా వెనుక నిలిచిన మనుమనిని ఏకకాలమున పరికించుచుండెను.

"అమ్మో, దాన్ని ముట్టకు బిడ్డా, ఇసముంటది!" అని పూలు సవరించుచున్న పక్కింటి అవ్వ కేక వేసెను.

"తాతా, మనమే సాదుకుందమా?" అని మనుమడు నా చెయ్యి పట్టుకొనెను.

అవ్వ భయము నిరాధారము. ఊసరవెల్లికి విషము లేదు. ఒడలు ఉబ్బించి, నోరు తెఱచి బుసకొట్టుటయే దాని సర్వాయుధము. మనుమనికి మాత్రము వెంటనే ఉత్తరము చెప్పజాలనైతిని.

మన భాష ఈ సాధుప్రాణికి గొప్ప అపచారము చేసినదని నా నమ్మకము. మాట తప్పినవానిని, పక్షము ఫిరాయించినవానిని ఊసరవెల్లి యని నిందించుట మనకు అలవాటైనది గాని, అది రంగు మార్చునది పరులను వంచించుటకు కాదు. ఎండకును చలికిని, భయమునకును క్రోధమునకును, జతకట్టు వేళకును దాని చర్మమే పలుకుచుండును. 2015లో జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మడగాస్కరు ఊసరవెల్లులను పరీక్షించి, వాని చర్మకణములలో గ్వానీను అను పదార్థపు సూక్ష్మస్ఫటికములు వరుసలు తీరియుండుననియు, అవి దగ్గరగా నున్నప్పుడు నీలకాంతిని, ఎడమైనకొలది పసుపు ఎఱుపు కాంతులను ప్రతిఫలింపజేయుననియు వెల్లడించిరి. వైద్యునకు నాడి యెట్టిదో, ఊసరవెల్లిని కాపాడబూనినవానికి దాని రంగు అట్టిది. మా అరుగుమీది ప్రాణి నిమిషములో నల్లబడి, మచ్చలు తేలెను. అది భయపడుచున్నదని గ్రహించి చుట్టుచేరిన పిల్లల నందఱను దూరముగా పంపితిని.

దానిని పైనుండి పట్టుకొనరాదు. ఆకాశమునుండి దిగు గ్రద్దయే దానికి తరతరముల శత్రువు గనుక, పైనుండి వచ్చు చేయి దానికి మృత్యువువలె తోచును. ముందు ఒక పుల్ల నుంచినచో, పట్టకారు వంటి పాదములతో తానే దానిపైకి ఎక్కును. గాజుపెట్టె పనికిరాదు, అందు గాలియాడదు, పైగా తన ప్రతిబింబమునే ప్రత్యర్థిగా భావించి బెదరును. కావున పెరటిలోని మందార కుండీని వసారాలోనికి జరిపి, పాత దోమతెరను నలువైపుల దింపి, లోపలికి చీమలు చేరకుండ కుండీచుట్టు నీరు నిలిపితిమి. గన్నేరు కుండీ చేరువలోనే యున్నను, అణువణువున విషము గల చెట్టును అతిథికి ఆశ్రయముగా చూపుటకు మనసొప్పలేదు.

మనుమడు చిన్న పళ్లెములో నీళ్లు పెట్టెను. అది కన్నెత్తియైన చూడలేదు. నిలిచిన నీటిని నీరని ఎఱుగని జీవి యిది. ఆకులపై మెఱయు మంచుబిందువులే దాని పానీయము. ఆకులపై చేతితో చిలుకరించినంతనే మెల్లగా ముందునకు వచ్చి బిందువు తరువాత బిందువును గ్రోలెను. ఆహారము విషయమున నాకు భయము ఎక్కువ. మా జిల్లాలో ప్రత్తి, మిరప చేలు విస్తారము. వానిపై చల్లు పురుగుమందులును విస్తారమే. ఆ చేలలోని మిడతను పెట్టుట విషాన్నము పెట్టుటయే. మా పెరటి గడ్డిలోని మిడత నొకదానిని విడిచి దూరముగా కూర్చుంటిమి. చాలసేపటికి రెండు కన్నులును దానివైపు తిరిగెను. మఱుక్షణమున మిడత లేదు. శరీరముకంటె పొడవైన ఆ నాలుక, వింటినారివలె ముందే బిగించిన కణజాలమునుండి వెలువడుటచేత, చలిపొద్దునను మందగింపదట.

సాయంకాలము స్త్రీలు బతుకమ్మల నెత్తుకొని పద్మాక్షిగుట్టకు వెడలిరి. ఇంట మిగిలిన మనుమనికి నృగమహారాజు కథ చెప్పితిని. ఆ కథను తన భాగవతమున తెనిగించిన పోతన, పాలకుర్తి చెంతనున్న బమ్మెరవాడు, మా ఓరుగల్లు సీమవాడు. యదుకుమారులు దప్పిగొని నీటికై వెదకుచు, ఎండిన నూతిలో కొండవంటి ఊసరవెల్లిని కని, జాలిపడి త్రాళ్లు వేసి లాగియు వెలికి తీయజాలక కృష్ణునకు విన్నవించిరి; ఆయన ఎడమచేత అవలీలగా పైకి తీసినంతనే అది దివ్యపురుషుడై నిలిచెను. దానమిచ్చిన గోవు తిరిగివచ్చి మందలో కలియగా, ఎఱుగక దానినే మఱియొకరికి దానమిచ్చిన దోషమున నృగునకు ఆ రూపము ప్రాప్తించినది. మనుమడు చాలసేపు ఊరకుండి, "గట్లైతె గిది ఎవలది తాతా?" అని అడిగెను.

ఆ ప్రశ్నకు ఉత్తరమును నేను మధ్యాహ్నమే ఫోనులో అటవీశాఖవారికి చెప్పియుంటిని. మన దేశపు ఊసరవెల్లి 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కాపాడు జీవి. దానిని ఇంట పెంచుట నేరము. అనుకొనకుండ చేతికి చిక్కిన ప్రాణిని గూర్చి 48 గంటలలోగా పోలీసు ఠాణాకో, అధికారము గల అటవీ ఉద్యోగికో తెలుపవలెను. హంటరు రోడ్డులోని కాకతీయ జంతుప్రదర్శనశాల అటవీశాఖదే కనుక, ఎవరికి తెలుపవలెనని వరంగల్లువారు వెదకనక్కఱలేదు. యెమెను, మడగాస్కరు జాతులను కొని పెంచువారికి సైతము 2024నాటి కేంద్ర నిబంధనల ప్రకారము నమోదు తప్పదు. అంతకంటె పెద్దది వారి నిత్యబాధ్యత: అతినీలలోహిత కిరణములనిచ్చు దీపము లేనిచో డి విటమిను పుట్టదు, సున్నము ఒంటబట్టదు, ఎముకలు వంగిపోవును. మా తంగేడు గట్టుపై సూర్యుడు ఉచితముగా చేయుచున్న పని యది.

రాత్రి లేచి టార్చి వేసి చూచితిని. చివరి కొమ్మను కరచుకొని, కన్నులు మూసి, పాలిపోయిన లేతవన్నెతో నిద్రించుచుండెను. ఈ తెల్లదనమునుబట్టియే అడవులలో రాత్రివేళ వీనిని గుర్తింతురు.

తెల్లవాఱగనే అది కొమ్మ దిగి కుండీలోని మట్టిని ముందుకాళ్లతో గీరుచుండెను. నా గుండె ఝల్లుమన్నది. వానలు వెనుకబట్టు ఈ దినములలో ఆడ ఊసరవెల్లి నేలకు దిగునది సాధారణముగా గ్రుడ్లు పెట్టుటకే. నిన్న పుష్టియనుకొన్నది గర్భమని అప్పుడు తెలిసినది. లోతైన తేమనేల దొరకనియెడల గ్రుడ్లు కడుపుననే నిలిచి తల్లి మరణించును. ప్రేమతో ఇంకొక వారము ఉంచుకొనియుంటిమేని, ఆ ప్రేమచేతనే చంపియుందుము. అటవీ ఉద్యోగులు రాగానే సంగతి చెప్పితిని. వారు కాలహరణము చేయక, కుండీని వాహనములో నుంచుకొని, మమ్ము దారి చూపుటకు వెంటబెట్టుకొని పోయిరి.

మోపు కోసిన గట్టుననే, మిగిలిన తంగేడు పొదకు కొమ్మను తాకించిరి. అది ఒక కాలు చాచి, ఊగి, ఆగి, మఱల ఊగి, గాలికి కదలు ఆకువలె పొదలోనికి సాగెను. "తాతా, కానొస్తుందా?" అని మనుమడు గుసగుసలాడెను. నాకు పూలు తప్ప మఱేమియు కానరాలేదు.