ఐరోపాలో కాంట్రాక్టు పని: అపోహలు, వాస్తవములు

నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, ఇంకొల్లు ప్రాంతములలో ప్రత్తియు మిరపయు పండించిన కుటుంబములు కొన్ని దశాబ్దములుగా తమ సంతానమును పొలమునుండి కళాశాలకును, కళాశాలనుండి అమెరికాకును పంపుచు వచ్చినవి. ఆ ద్వారము ఇరుకగుకొలదియు వారి చూపు జర్మనీ, నెదర్లాండ్సు, ఐర్లాండు, పోలాండు దేశములవైపు మరలుచున్నది. 2021-22లో నల్లతామర పురుగు తోటలను తుడిచిపెట్టినప్పుడును, 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయి కేంద్రప్రభుత్వము క్వింటాలుకు 11,781 రూపాయల జోక్యధరను ప్రకటింపవలసి వచ్చినప్పుడును దెబ్బతిన్న రైతు, ఉన్న ఎకరము తాకట్టు పెట్టియైనను కుమారుని విదేశమునకు పంపవలెనని తలపోయుట సహజమే. అట్లు తెచ్చిన ధనము ఏ నమ్మకముల మీద వెచ్చింపబడుచున్నదో నిదానించి చూడవలసియున్నది. ఏలయన అందు పెక్కు నిజములు కావు.

అన్నింటిలోను బలమైన అపోహ రాబడిని గూర్చినది. గంటకు డెబ్బది యూరోలు, నెలకు నూటయరువది గంటలు, వెరసి పదకొండువేల రెండువందల యూరోలు, అనగా రూపాయలలో పదిలక్షలకు పైమాట అని ఇంట లెక్కవేసికొందురు. ఆ మొత్తము జీతము కాదు, వ్యాపారపు రాబడి. ఐరోపా సమాఖ్య 2003లో చేసిన పనివేళల శాసనము ప్రకారము ఉద్యోగికి ఏటా కనీసము నాలుగు వారములు జీతముతో కూడిన సెలవు హక్కుగా లభించును. స్వతంత్రముగా పనిచేయు కాంట్రాక్టరుకు ఆ హక్కు లేదు. జర్మనీలో ఉద్యోగి ఆరోగ్యబీమా చందాలో ఇంచుమించు సగము యజమాని భరించును. కాంట్రాక్టరు మొత్తమును తానే కట్టుకొనవలెను. వృద్ధాప్యమునకు దాచుకొనుటయు, లెక్కలు వ్రాయువానికి రుసుము చెల్లించుటయు, ఒక పని ముగిసి మరియొకటి దొరకువరకు ఇంటి అద్దె గడపుటయు ఆ డెబ్బది యూరోలలోనుండియే జరుగవలెను. పన్నులు సరేసరి. మన పొలములలో జీతగాడికిని కౌలుదారుకును గల భేదమే ఇక్కడను కలదు: వాన కురియకున్నను, ధర పడిపోయినను జీతగాని జీతము ఆగదు, కౌలుదారు మాత్రము పంట చేతికి రాకమునుపే కౌలు చెల్లించి, లాభమునకును నష్టమునకును తానే బాధ్యుడగును. కౌలు సేద్యము తప్పని ఎవ్వరును అనరు. కాని కౌలుదారు చేతికి వచ్చు సొమ్మును జీతగాని జీతముతో సరిపోల్చి మురిసిపోవు రైతు మన సీమలో లేడు. విదేశపు కాంట్రాక్టు విషయమున మాత్రము ఆ వివేకమే లోపించుచున్నది.

‘ఒక్క వీసా చాలును, ఐరోపా అంతట పనిచేయవచ్చును’ అనునది రెండవ అపోహ. ఇరువదితొమ్మిది దేశములలో తిరుగుటకు అనుమతించు షెంజెన్ వీసా, 180 దినములలో 90 దినములు మించకుండ సందర్శించుటకు ఉద్దేశింపబడినదే కాని పనిచేయుటకు కాదు. పనికి అనుమతి నిచ్చునది ఆయా దేశము. ఆ అనుమతి ఆ దేశమునకే పరిమితము. ఐర్లాండు షెంజెన్‌లో లేదు; బ్రిటను 2020 జనవరి 31న సమాఖ్యనే వీడినది. సందర్శన వీసాతో వెళ్లి, అక్కడ ‘మార్చుకొనవచ్చు’నని చెప్పు కన్సల్టెన్సీలు గుంటూరులోను కలవు, ఒంగోలులోను కలవు. జర్మనీలో అడుగిడిన పిదప నివాసానుమతి కోరు సౌకర్యము అమెరికా, జపాను, ఆస్ట్రేలియా వంటి కొన్ని దేశముల పౌరులకే కలదు. భారతీయుడు దీర్ఘకాలపు వీసాను ముందుగనే ఇక్కడినుండి పొంది వెళ్లవలెను.

ఐరోపా సమాఖ్య దేశములిచ్చు ‘బ్లూ కార్డు’ అను నివాసానుమతి చేతికి వచ్చినచో ఎవరికైనను కాంట్రాక్టరుగా పనిచేయవచ్చునని విద్యావంతులు సైతము భావించుచున్నారు. బ్లూ కార్డు ఉద్యోగికి ఉద్దేశింపబడినది. 2021లో సవరింపబడిన నిబంధనల మేరకు దానికి కనీసము ఆరుమాసముల ఉద్యోగ ఒప్పందమును, ఆయా దేశము నిర్ణయించిన కనీస వేతనమును చూపవలెను. జర్మనీలో 2025 సంవత్సరమునకు ఆ వేతనము ఏటికి 48,300 యూరోలు, కొరత గల వృత్తులకు కొంత తక్కువ. డెన్మార్కు, ఐర్లాండులు ఈ పద్ధతిలోనే లేవు. స్వతంత్ర వృత్తికి జర్మన్ నివాస చట్టము 21వ విభాగము క్రింద వేరొక అనుమతి కలదు. దానికి పని నిచ్చువారి ఉత్తరములు, జీవనము గడుచునన్న నిదర్శనము కావలెను. నలువదియైదేండ్లు దాటినవారు వృద్ధాప్య భద్రతను సైతము చూపవలెను.

ఆ అనుమతి లభించినను చిక్కు తీరదు. ఒకే సంస్థ కార్యాలయమున, వారి కంప్యూటరు మీద, వారు చెప్పిన వేళలకు, వారి అధికారి ఆజ్ఞకు లోబడి పనిచేయు ‘కాంట్రాక్టరు’ పేరునకే స్వతంత్రుడు. చట్టము అతనిని ఉద్యోగిగా పరిగణించును. బ్రిటనులో ఇందుకై 2000 ఏప్రిలులో వచ్చిన ఐఆర్35 నిబంధనల బాధ్యత 2021 ఏప్రిలునుండి మధ్యస్థాయి, పెద్ద ప్రైవేటు సంస్థల మీద పడినది. నెదర్లాండ్సు పన్నుల శాఖ 2025 జనవరి 1నుండి ఇట్టి కపట స్వతంత్రోపాధిపై చర్యలను మరల ఆరంభించినది. జర్మనీలో బకాయి బీమా చందాలు సంస్థ మెడకు చుట్టుకొనును. కనుక సంస్థలు జంకి, అనుమానము కలిగిన ఒప్పందమును త్రెంచుకొనును. బీమా బకాయి సంస్థదే ఐనను, పని పోవునది మనవానికి. నివాసానుమతి ఆ పనిమీదనే ఆధారపడియున్నచో మరి చెప్పనక్కరలేదు.

భవన నిర్మాణమునకును, గిడ్డంగులకును పోవువారికి ఏజెంట్లు మరియొక మాట చెప్పుదురు: పోలాండు అనుమతితో జర్మనీలో పని, పోలాండు జీతము. వేరొక సభ్యదేశమునకు తాత్కాలికముగా పంపబడిన కార్మికునకు పనిచేయుచున్న దేశపు వేతన నిబంధనలు వర్తించునని 2018లో సవరించిన శాసనము స్పష్టముగా పలుకుచున్నది. అడిగినచో పంపివేయుదురను భయము చేతనే ఆ హక్కు చాలమందికి అందకున్నది.

ఇక ఏజెంటు రుసుము. ఐదు లక్షలు, ఎనిమిది లక్షలు అడిగినను అది పరిపాటియేనని తండ్రులు నమ్ముచున్నారు. 1983 నాటి వలస చట్టము ప్రకారము విదేశోద్యోగములకు మనుష్యులను చేర్చుకొనువాడు ప్రభుత్వముచే నమోదు పొందియుండవలెను. అట్టివాడు తీసికొనదగిన సేవారుసుము, పన్నుగాక, 30,000 రూపాయలకు మించరాదు. సబ్‌ఏజెంటు అనువానికి చట్టములో స్థానమే లేదు. పదవ తరగతి ఉత్తీర్ణులు కాని వారి పాస్‌పోర్టులపై వలస అనుమతి తప్పనిసరియైన పదునెనిమిది దేశములలో ఐరోపా దేశమొక్కటియు లేదు. దీనినిబట్టి ఐరోపాకు చట్టమే వర్తింపదని ఏజెంట్లు ప్రచారము చేయుదురు. అది అబద్ధము. నమోదు నిబంధన అన్ని దేశములకును ఒక్కటే. ఐరోపాకు పోవువాని ఒప్పందమును వలస సంరక్షకాధికారి ముందుగ తనిఖీ చేయడన్నది మాత్రము నిజము, కావున ఆ తనిఖీ కుటుంబమే చేసికొనవలెను. ఏజెంటు పేరు విదేశాంగశాఖ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉన్నదో లేదో పైకము చేతులు మారకమునుపే చూడవలెను. సందేహమున్నచో హైదరాబాదులోని వలస సంరక్షకాధికారి కార్యాలయమునకు గాని, తాడేపల్లిలోని ప్రవాసాంధ్రుల సంస్థకు గాని వ్రాయవచ్చును. ఒప్పందపు ప్రతి తెలిసిన భాషలో చేతికి రానిదే, అందు యజమాని పేరు, పనిచోటు, బీమా కట్టువారెవరు, ఒప్పందము త్రెంచుటకు ఎన్ని దినముల గడువు అను నాలుగు విషయములు కనబడనిదే, పొలము దస్తావేజు ఇనుపపెట్టెలోనుండి తీయరాదు.