పసిపిల్లల ఆటలు - ఇంటి మాటలు



ప్రతి సంవత్సరము ఒకటవ తరగతిలో క్రొత్త పిల్లలు చేరినప్పుడు నేనొక చిన్న పని చేయుచుందును. వారిని చాపమీద కూర్చుండబెట్టి, పలకలు ప్రక్కన పెట్టించి, ఒక గుడ్డసంచిలోనుండి వస్తువులను ఒక్కొక్కటిగా తీసి చూపుదును. గరిటె, గవ్వ, తాళపుచెవి, వేపరెమ్మ, గుప్పెడు చింతపిక్కలు - అంతకంటె విలువైనది ఆ సంచిలో ఏదియు లేదు. "ఇదేమిటి నాన్నా? దీంతో మీ ఇంట్లో ఏం చేస్తారు?" అని అడుగుదును.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక బాలిక చేరినది. అక్షరమాల తప్పులేకుండ వ్రాయగలదు. నూఱు వఱకు అంకెలు అప్పగింపగలదు. ఆ బిడ్డ గరిటెవంక చాలసేపు చూచి, ఏమియు చెప్పలేక తల వంచుకొనెను. ప్రక్కనున్న బాలునకు ఒక్క అక్షరమును రాదు. వాడు లేచి, "అది మా అమ్మ పప్పు కలిపే గరిటండి. నేను దాంతో డబ్బా వాయిస్తే తిడతాదండి. మా నాన్నయితే నవ్వుతాడండి" అనెను. పిల్లలందఱును నవ్విరి. సంవత్సరాంతమునకు ఆ బాలుడు చిన్న చిన్న కథలు చదివి, వానిని తన మాటలలో తిరిగి చెప్పుచుండెను. ఆ బాలిక గడగడ చదువుచుండెను గాని, చదివినదేమని అడిగినచో మరల పుస్తకములోని వాక్యములనే వెదకుకొనుచుండెను.

ఆమె తల్లిదండ్రులు అశ్రద్ధ చేసినవారు కారు. ఇద్దఱును ప్రొద్దంతయు కష్టపడి, రాత్రి ఇల్లు చేరి, ఓపిక తెచ్చుకొని బిడ్డచేత అక్షరములు దిద్దించిరి. తాము చేయవలసినది అదియేయని వారనుకొనిరి. అంతకంటె ముందు చేయవలసిన పని వేఱొకటి కలదని మేము వారితో ఎన్నడును చెప్పియుండలేదు. ఆ లోపము మాది. దానిని కొంతవఱకైనను తీర్చుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాట ముందు, అక్షరము తరువాత

అక్షరము మాటకు గుర్తు. "గరిటె" అను మాట బిడ్డ చెవిలోను, చేతిలోను, జ్ఞాపకములోను ముందే ఉన్నచో, పుస్తకములో ఆ మూడక్షరములు కనబడినప్పుడు వాడు తన ఇంటి వస్తువును గుర్తుపట్టినట్లు గుర్తుపట్టును. ఆ మాట ముందు లేనిచో ఆ మూడును వట్టి ధ్వనులు. కావున బడి అక్షరములు ఈయగలదు గాని, ఆ అక్షరములలో పోయవలసిన మాటలను ఇల్లే ఈయవలెను.

మనవంటివారి విషయమున ఇది మఱింత నిజము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు మన బరంపురము మదరాసు రాజధానినుండి ఆ రాష్ట్రములో చేరినది. మన పెద్దలు ఊరు విడిచి ఎక్కడికిని పోలేదు. సరిహద్దు మాత్రమే జరిగినది. నాటినుండి బజారులో ఒడియా, ఇంటిలో తెలుగు అను ఏర్పాటు తరములుగా సాగినది. ఇప్పుడు ఇంటిలోని తెలుగు కూడ తగ్గుచున్నది. ఆంధ్రదేశములోని పిల్లవాడు ఇంట వినని తెలుగుమాటను వీధిలోనైన వినును. మన పిల్లవానికి ఇంట వినని మాట మఱెక్కడను వినబడదు.

1956లో జరిగిన ఏడవ సవరణవలన మన రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగిన వసతులు కల్పింపవలెనని అది రాష్ట్రములను కోరుచున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము కూడ, వీలైన చోటనెల్ల, కనీసము అయిదవ తరగతివఱకు ఇంటిభాషలోనో స్థానిక భాషలోనో బోధన సాగుట మంచిదని చెప్పినది. ఇవి మనకు బలమే. కాని ఏ అధికరణమును సాయంకాలము మన వంటింటిలో కూర్చుండి పిల్లవానితో మాటలాడదు గదా!

ఆట యేల?

"మాటలాడుటకు మాకు తీరిక యెక్కడిది?" అని కొందఱు అడుగవచ్చును. నేను కోరునది ప్రత్యేకమైన పాఠము కాదు. ఇంటిలో ఎట్లును జరుగు పనులలోను, పిల్లలు ఎట్లును ఆడుకొను ఆటలలోను మీరు పావుగంటసేపు పాలుపంచుకొనుడని మాత్రమే కోరుచున్నాను.

గుఱ్ఱపాట చూడుడు. తండ్రి మోకాళ్లమీద వంగును. బిడ్డ వీపుమీద ఎక్కును. "కుడికి పో, ఎడమకు తిరుగు, మెల్లగా, గట్టిగా, ఆగు" అని ఆజ్ఞలు వెలువడును. పుస్తకములో పెట్టి నేర్పినచో కుడియెడమలు వారములు పట్టును. ఇక్కడ మాట పలికిన వెంటనే గుఱ్ఱము తిరుగుచున్నది. మాటకు ఫలము కంటికి కనబడుచున్నది. కావున ఆ మాట నిలుచును.

వామనగుంటల ఆట మఱియొకటి. వరుసకు 7 చొప్పున రెండు వరుసలలో 14 గుంటలు. మా యింట గుంటకు 4 చొప్పున 56 చింతపిక్కలు పోయుదురు. ఒక గుంటలోని పిక్కలను తీసి, ముందున్న గుంటలలో ఒక్కొక్కటి వేయుచు పోవలెను. నాలుగేండ్ల బిడ్డకు ఆట నియమములన్నియు అక్కఱలేదు. పిక్కలు వేయుచు "ఒకటి, రెండు, మూడు" అని లెక్కించిన చాలును. నూఱువఱకు అప్పగించు పిల్లవానిని "అయిదు పిక్కలు ఇయ్యి నాన్నా" అని అడిగి చూడుడు. అనేకులు గుప్పెడు తీసి ఇచ్చెదరు. అప్పగించుట వేఱు, లెక్కించుట వేఱు. ఒక్క పిక్కకు ఒక్క మాట, ఒక్క మాటకు ఒక్క గుంట - ఈ మూడును చేతిలో కలిసినప్పుడే లెక్క పుట్టుచున్నది.

అష్టాచెమ్మలో 4 గవ్వలు, 25 గడులు. వెల్లకిల పడిన గవ్వలెన్నియో అంత పందెము. నాలుగును వెల్లకిల పడినచో చెమ్మ, అనగా 4. నాలుగును బోర్ల పడినచో అష్ట, అనగా 8. కొలది దినములలో బిడ్డ లెక్కపెట్టకయే చూపుతోనే "మూడు" అనును. ఇంతకంటె పెద్ద లాభము వేఱొకటి కలదు. తనవంతు వచ్చువఱకు ఓర్చుకొనుట, ఓడినను మరల కూర్చుండుట అక్కడ నేర్చును. కావున ప్రతి ఆటలోను మీరు కావలెనని ఓడిపోవలదు. ఓడి ఏడ్చిన బిడ్డను వెక్కిరింపవలదు. "ఈసారి నాకు అష్ట పడింది. రేపు నీకు పడుతుందేమో చూద్దాం" అన్న చాలును.

గుజ్జనగూళ్లు, బొమ్మల పెండ్లి వట్టి కాలక్షేపములని తలంపవలదు. కొబ్బరిచిప్ప కుండ యగును. ఇసుక అన్నమగును. ఒక వస్తువు మఱియొక వస్తువునకు గుర్తుగా నిలువగలదని బిడ్డ ఇక్కడనే మొదట గ్రహించుచున్నది. అక్షరమును అట్టి గుర్తే గదా! బొమ్మల పెండ్లిలో పెదనాన్న, చిన్నాన్న, మేనమామ, తోటికోడలు, వియ్యపురాలు అందఱును వత్తురు. వీధిలో అందఱును "అంకుల్", "ఆంటీ" లైపోయిన ఈ దినములలో, ఎవరు తనకేమగుదురో బిడ్డకు తెలియుటకు ఇది మంచి తావు. ఇసుక అన్నము వడ్డించినప్పుడు తండ్రి చేతిలోని పని ఒక్క నిమిషము ప్రక్కన పెట్టి, "పులుసులో ఉప్పు తక్కువైందమ్మా, కొంచెం వెయ్యి" అని చూడవలెను. ఆ మాటకు ఎన్ని మాటలు బదులు వచ్చునో!

ఆటయే అక్కఱలేదు. చిక్కుడుకాయల ఈనెలు తీయునప్పుడు, ఆరిన బట్టలు మడతపెట్టునప్పుడు, నీళ్లు పోయునప్పుడు బిడ్డను దగ్గఱ ఉంచుకొనుడు. ఒక్క సంగతి గమనింపుడు. "ఇది ఏ రంగు?" అనునది పరీక్ష. బిడ్డ ఒక్కమాట చెప్పి ఊరకుండును. "ఈ చొక్కా ఎలా చిరిగిందిరా?" అనునది సంభాషణ. దానికి బదులుగా ఒక కథ వచ్చును. అడిగిన పిమ్మట మనస్సులో అయిదు లెక్కించువఱకు ఆగుడు. బిడ్డకు మాట కూడదీసికొనుటకు ఆ వ్యవధి కావలెను. మనము తొందరపడి మనమే చెప్పివేయుచున్నాము.

రెండు భాషల సంగతి

ఒడియాను దూరముగా ఉంచుడని నేను చెప్పుటలేదు. అది మన రాష్ట్రభాష, ఇరుగుపొరుగువారి భాష, మన పిల్లల స్నేహితుల భాష. పసిబిడ్డలు రెండు భాషలను ఒక్కసారిగా నేర్వగలరు. రెంటిని కలిపి మాటలాడుట తెలివితక్కువతనము కాదు. అది నేర్చుకొనుటలో ఒక మెట్టు. బిడ్డ కాకిని చూచి "కుఆ వచ్చింది" అనినచో గద్దింపవలదు. "అవును, కాకి వచ్చింది. ఏం ఎత్తుకుపోయింది?" అని మీ మాటలో తిరిగి చెప్పి, సంభాషణ సాగింపుడు. గద్దించినచో బిడ్డ మాటను దిద్దుకొనదు, నోరు మూసికొనును.

మన పొరుగున పర్లాకిమిడిలో నివసించిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలతో మాటలాడి వారి భాష నేర్చి, సవర పిల్లలు తమ భాషలోనే చదువుకొనుటకు పుస్తకములు వ్రాసిరి. ఇంటిమాట విలువ ఎంతటిదో ఎఱిగిన ఆ మహనీయుని జన్మదినమగు ఆగస్టు 29నే మనము తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

చేతిలోని ఫోను

ఫోనులోను తెలుగు పాటలున్నవి, కథలున్నవి, నిజమే. కాని ఫోను బిడ్డ చెప్పునది వినదు. బిడ్డ తప్పు పలికినను, మానివేసినను, ఏడ్చినను తన మాట తాను చెప్పుకొని పోవును. ఏడాది నిండని శిశువులకు తెర చూపనే కూడదనియు, రెండు మొదలు నాలుగేండ్ల పిల్లలకు దినమునకు ఒక గంటకు మించరాదనియు, అంతకంటె తక్కువైన మఱింత మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. ఒకటి మొదలు నాలుగేండ్ల పిల్లలు దినమునకు కనీసము 180 నిమిషములు ఒళ్లు కదలునట్లు ఆడుకొనవలెననియు ఆ సంస్థయే చెప్పినది. అన్నము తినిపించుటకు ఫోను ఇచ్చు తల్లిని నేను నిందింపను. ఆ వేళకు ఆమెకు ఉండు అలసట నాకు తెలియును. ఒక్క పూట మాత్రము దానిని ఎత్తిపెట్టి, డాబామీదనో గుమ్మములోనో కూర్చుండి ముద్దలు పెట్టి చూడుడు.

నా సొంత మాట

ఇంత చెప్పుచున్న నేను మంచి తండ్రినని మీరనుకొనవలదు. మా అమ్మాయికి నాలుగేండ్లున్నప్పుడు ప్రతి సాయంకాలము చింతపిక్కల డబ్బా తెచ్చి నా కుర్చీప్రక్క నిలుచుండెడిది. "నాన్నగారూ, ఒక్క ఆట" అనెడిది. నా ముందు ఇతరుల బిడ్డల నోటుపుస్తకములు గుట్టగా ఉండెడివి. "తరువాతనమ్మా" అనెడివాడను. కొంతసేపు నిలుచుండి, నాయనమ్మ దగ్గఱకు పోయెడిది. కొన్నాళ్లకు నా కుర్చీదగ్గఱకు వచ్చుటయే మానివేసెను. ఆమె నేడు మాటలాడు చక్కని తెలుగు తెలుగుబడి ప్రధానోపాధ్యాయునివలన వచ్చినది కాదు, వ్రాలు చేయుటయు రాని మా తల్లివలన వచ్చినది.

గడచిన దసరా సెలవులకు మా అమ్మాయి తన బిడ్డతో భువనేశ్వరమునుండి వచ్చినది. ఆ పసిది మా పెరటి గోడమీది కాకిని "క్రో" అనెను. నేనేమియు దిద్దలేదు. అటుకమీది డబ్బా దింపితిని. ఇద్దఱమును నేలమీద కూర్చుండి, సుద్దతో గుంటలు గీసి పిక్కలు పఱచితిమి. మొదటి దినమున అది పిక్కలు విసరివేసెను. మూడవ దినమున నాలుగువఱకు లెక్కించెను. వెళ్లిపోవు దినమున రిక్షా వచ్చి నిలిచియుండగా నా పంచె పట్టుకొని, "తాతా, కాకి మన పిక్కలు ఎత్తుకుపోతాది. డబ్బా లోపల పెట్టు" అనెను. మా అమ్మాయి నావంక చూచి, ఏమియు అనక, డబ్బాను తన సంచిలో పెట్టుకొనెను. ముప్పది సంవత్సరముల నోటుపుస్తకములలో ఒక్కటియు నాకిప్పుడు జ్ఞాపకము లేదు. "ఒక్క ఆట" అన్న ఆ మాట మాత్రము జ్ఞాపకమున్నది.

చివరి మనవి

కావున మీకు నా మనవి మూడు మాటలు. దినమునకు పావుగంటసేపు బిడ్డతో నేలమీద కూర్చుండుడు. ఆ పావుగంటసేపును ఇంటిభాషలోనే మాటలాడుడు. ఇంటిలో అమ్మమ్మయో, నాయనమ్మయో, తాతయ్యయో ఉన్నచో, వారికిని బిడ్డకును నడుమ ఫోనును రానీయకుడు. అక్షరములు రాలేదని దిగులుపడకుడు. ఆ పని మాకు విడువుడు. మాటలు గల బిడ్డకు అక్షరములు నేర్పుట మాకు కష్టము కాదు.

మీ బిడ్డను బడిలో చేర్చుటకు వచ్చినప్పుడు నేను మిమ్ములను ఇక అడుగబోవునది "అఆలు వచ్చునా?" అని కాదు. "మీ యింట ఏ ఆట ఆడుదురు?" అని అడిగెదను. ఆ ప్రశ్నకు మీకంటె ముందుగా బిడ్డయే బదులు చెప్పినచో, ఆ దినమున ఆ సంచిని విప్పవలసిన పని నాకు ఉండదు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు