గోడలోని తీగ: దూరపు గదికి చిత్రమును పంపు విధము

ప్రతి సంవత్సరము ఈ సంచికలో ప్రధానోపాధ్యాయుడు చదువును గురించియో, నడవడిని గురించియో నాలుగు మాటలు వ్రాయుట ఆచారము. ఈసారి నేనొక తీగను గురించి వ్రాయుచున్నాను. నవ్వకుడు. ఆ తీగ మూలమున మా యింట జరిగిన పొరపాటు మరియొకరి యింట జరుగరాదని నా కోరిక. మన పూర్వవిద్యార్థులలో వైరింగు పనిచేయువారు ఉన్నారు. క్రొత్త యిండ్లు కట్టుకొనుచున్న తల్లిదండ్రులును ఉన్నారు. వారికిది కొంత ఉపయోగపడునని తలంచుచున్నాను.

తమిళనాట మాకు సంక్రమించిన యిల్లు పాత పద్ధతిది. వీధినుండి పెరటివరకు పొడవుగా సాగియుండును. మా తల్లిగారు చివరి గదిలో ఉందురు. తుంటి యెముక విరిగినది మొదలు వారు మంచము విడువలేరు. మా అమ్మాయి వివాహము ఇంటిముందు పందిటిలో నిశ్చయమైనప్పుడు, "మనుమరాలి మెడలో పుస్తె పడుట నా కన్నులతో చూడవలెను" అని ఆమె ఒక్క కోరిక కోరినది. పందిటిలోని కెమేరానుండి ఆమె గదిలోని టెలివిజనునకు తీగ ద్వారా చిత్రమును పంపుటకు ఏర్పాటు చేసితిమి. అందులకు కావలసిన తీగ రెండేండ్ల క్రిందట ఇంటి మరమ్మతునాడే గోడలోని పైపులో వేయబడి యుండెను. ఆనాడు వైరుమను, "ఏ రకపు కేబులు వేయమందురయ్యా?" అని అడిగినాడు. "చవకలో ఏదో ఒకటి వేయుము" అని నేనే చెప్పితిని.

ముందునాటి సాయంకాలము చిన్న కంప్యూటరు పెట్టి పరీక్షించితిమి. బొమ్మ చక్కగా వచ్చెను. మరునాడు ముహూర్తమునకు పెద్ద కెమేరాను తగిలించితిమి. జీలకఱ్ఱ బెల్లము వరకు అంతయు బాగుగనే యుండెను. మంగళసూత్రధారణ వేళకు తెర నల్లబడిపోయెను. మరల బొమ్మ వచ్చునప్పటికి తలంబ్రాలు పోయుచుండిరి. నేను పరుగున వెళ్లి తల్లిగారి ముఖము చూడలేకపోతిని. "పోనీలే నాయనా, మేళము వినబడినది గదా!" అని ఆమెయే నన్ను ఓదార్చినది.

ఆ పెండ్లి సందడి తగ్గిన పిమ్మట ఈ విషయమును తెలిసినవారిని అడిగియు, చదివియు, తీగను కోసి చూచియు తెలిసికొంటిని. అది మీకు వరుసగా చెప్పెదను.

మొదట ఎంత భారము మోయవలెనో లెక్కింతము. నేటి మామూలు టెలివిజను తెరపై అడ్డముగ 1920, నిలువుగ 1080 చుక్కలుండును. వానిని గుణించిన 20,73,600 చుక్కలగును. సెకనునకు 60 బొమ్మలు మారును. ఒక్కొక్క చుక్క రంగు తెలుపుటకు 24 అంకెలు కావలెను. గుణించి చూడుడు: సెకనునకు 298 కోట్ల 59 లక్షల 84 వేల అంకెలు! బొమ్మకును బొమ్మకును నడుమ విరామమును, తప్పులు రాకుండ చేయు సంకేతములును కలిపినచో అది తీగలో సుమారు 445 కోట్లకు పెరుగును. "ఫోర్‌కె" అనబడు పెద్ద చిత్రములో చుక్కలు దీనికి నాలుగింతలు. మా చిన్న కంప్యూటరు తక్కువ భారమును పంపినది. కెమేరా ఎక్కువ భారమును పంపినది. మా పరీక్ష మమ్ము మోసగించుటకు ఇది మొదటి కారణము.

ఈ చిత్రమును సాధారణముగా మోయునది 2002వ సంవత్సరమున వెలువడిన హెచ్.డి.ఎం.ఐ. తీగ. టెలివిజను వెనుక దూర్చు ఆ వెడల్పాటి మొన మీ యందరకు తెలిసినదే. పెద్ద చిత్రమునకు అది సుమారు 5 మీటర్లవరకు నమ్మదగినది. దూరము పెరిగినకొలది సంకేతము నీరసించును. ప్రక్క గదికైతే ఆ తీగయే చాలును. వేరొకటి కొనుట వృథా. పెరటి గదికి పంపవలెనన్నచో వేరు ఉపాయము కావలెను.

ఆ ఉపాయమే మెలివేసిన జంటతీగలు. అంగళ్లలో దీనిని "నెట్ వైరు" అనియు "లాన్ కేబులు" అనియు అందురు. దీనిలో ఎనిమిది సన్నని తీగలుండును. అవి రెండేసి చొప్పున నాలుగు జంటలుగా మెలివేయబడియుండును. ఈ మెలి క్రొత్తది కాదు. టెలిఫోనును కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే దీనికి పేటెంటు పొందినాడు.

మెలి యెందులకు? ఎడ్లబండిలో ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చున్నారనుకొనుడు. గోతిలో చక్రము పడినప్పుడు ఇద్దరును ఒకేరీతిగా ఎగిరిపడుదురు. వారి నడుమ ఎడము మాత్రము మారదు. అట్లే జంటలోని రెండు తీగలకు బయటి అలజడి సమానముగా తగిలినచో, అవతలి యంత్రము ఆ రెంటి భేదమును మాత్రమే చదువును గాన, అలజడి కొట్టుకొనిపోవును. అయితే రెంటికిని సమానముగా తగులుట యెట్లు? ఎండలో నడచు ఇద్దరు బాలురు అడుగడుగునకు నీడవైపు స్థానమును మార్చుకొన్నచో ఇద్దరికిని ఎండ సమానమే గదా! మెలి చేయు పని అదియే. నాలుగు జంటలు ఒకదాని మాట నొకటి దొంగిలింపకుండుటకు ఒక్కొక్క జంటకు ఒక్కొక్క తీరున మెలివేయుదురు.

ఇందొక చిక్కు కలదు. ఎక్కువ మెలి గల జంటలో రాగి పొడవెక్కువ. అందుచే దానిలోని సంకేతము కొంచెము ఆలస్యముగా చేరును. వెనుకటి చవక పరికరములలో హెచ్.డి.ఎం.ఐ. సంకేతమును ఉన్నదున్నట్లు రెండు నెట్ వైర్లలోనికి మార్చి పంపెడివారు. వానిలో ఈ ఆలస్యము దూరమునుబట్టి పెరిగి, రంగులు చెదరెడివి. 2010లో ఎల్.జి., శాంసంగ్, సోనీ, వాలెన్స్ సంస్థలు కలిసి హెచ్.డి.బేస్‌టి అను పద్ధతి కొరకు ఒక కూటమిని స్థాపించినవి. ఈ పద్ధతిలో ఇటు ఒక పంపు పెట్టె, అటు ఒక అందుకొను పెట్టె ఉండును. ఒకే నెట్ వైరులోని నాలుగు జంటలమీదను చిత్రము, ధ్వని, రిమోటు ఆజ్ఞలు, కొన్నింట విద్యుత్తు కూడ పోవును. మంచి రకమైనచో 100 మీటర్లవరకు పంపవచ్చును. చవక రకము మామూలు చిత్రమును 70 మీటర్లును, పెద్ద చిత్రమును 40 మీటర్లును మాత్రమే మోయును. సెకనునకు 60 బొమ్మల ఫోర్‌కె చిత్రమును ఏమియు కుదింపకుండ పంపు శక్తి 2021లో వచ్చిన మూడవ తరమునకే కలదు. పెట్టెలు కొనునప్పుడు ఈ మాట తప్పక అడుగవలెను.

ఇక తీగను ఎన్నుకొను విధము.

మొదటిది లోహము. తీగ అంతయు రాగి కావలెను. అంగళ్లలో అల్యూమినియముపై పలుచగా రాగిపూత వేసిన తీగ కూడ అమ్మబడుచున్నది. పైకి రెండును ఒకే యెఱుపు. మా గోడలోనిది అట్టిదే. బ్లేడుతో గీకగా లోపల తెల్లని లోహము బయటపడెను. వేగముగా మారు సంకేతము లోహపు పైపొరలోనే ప్రవహించును గనుక ఈ తీగ చిన్న పరీక్షలో పట్టుబడదు. మమ్ము మోసగించిన రెండవ కారణమిది. కాని నెమ్మదిగా మారు సంకేతమును, పెట్టెకు కావలసిన విద్యుత్తును లోపలి అల్యూమినియముగుండ పోవలెను. అల్యూమినియము నిరోధము రాగి నిరోధమునకు సుమారు 1.6 రెట్లు. విద్యుత్తు దారిలోనే తరిగిపోయి, అవతలి పెట్టె తడబడును. పైగా ఈ తీగ వంచినచోట తేలికగా విరుగును. కొనునప్పుడు పైతొడుగుమీద "సి.సి.ఏ." అను అక్షరములున్నచో విడిచిపెట్టుడు. అక్షరములు లేకున్నను పెట్టెను చేత నెత్తి చూడుడు: రాగి అల్యూమినియముకంటె మూడు రెట్లకు పైగా బరువు. ఒకే పొడవు, ఒకే లావు గల రెండు చుట్టలలో తేలికైనదానిని అనుమానింపవలెను.

రెండవది తరగతి. క్యాట్ 5ఇ 100 మెగాహెర్ట్జులకు, క్యాట్ 6 250కి, క్యాట్ 6ఏ 500కి పరీక్షింపబడినవి. మామూలు చిత్రమునకు మొదటి రెండును పనిచేయును. ఫోర్‌కె చిత్రము, దూరము ఈ రెండును కలిసినప్పుడు క్యాట్ 6ఏ కావలెను. నేడు గోడ మూయువారు క్యాట్ 6ఏ వేయుటయే మేలు. అంకె పెరిగినకొలది మంచిదని క్యాట్ 8 కొననక్కరలేదు. అది పెద్ద కంప్యూటరు కేంద్రములలో 30 మీటర్లలోపు దూరమునకు ఏర్పడినది. కల్తీ లోహపు పెద్ద అంకెకంటె మంచి రాగిగల చిన్న అంకెయే మేలు.

మూడవది తీగ తీరు. గోడలో వేయునది ఒంటి కడ్డీ తీగ కావలెను. అనేక సన్నని పోగులు కలిపినది మెత్తగా వంగును గాని సంకేతమును ఎక్కువగా కోల్పోవును. బల్లవద్ద చిన్న ముక్కలకే అది తగును.

నాలుగవది కవచము. పలు తీగలు ఒకే పైపులో పోవునప్పుడు రేకు కవచము గల తీగ మేలు. కాని కవచమునకు తగిన లోహపు మొనలను రెండు కొనలయందును సరిగా కలుపవలెను. అట్లు కలుపని కవచము, తల్లివేరు తెగిన చెట్టువలె నిలిచియుండియు నిష్ప్రయోజనము.

మంచి తీగయు చెడుగా వేసినచో చెడును. దానిని నడుమ ఎచటను అతుకరాదు. దాని లావునకు నాలుగు రెట్లకంటె ఇరుకుగా మలుపు త్రిప్పరాదు. కరెంటు తీగల పైపులో కలుపరాదు. అడ్డముగ దాటవలసివచ్చినచో లంబముగ దాటింపవలెను. మిగిలిన తీగను చుట్టచుట్టి అటకపై పెట్టరాదు. చుట్టలోని వరుసలు ఒకదానినొకటి కలవరపెట్టును. మాయింట అట్టి చుట్టయు ఉండెను! కొనలయందు జంటలు చీల్చక రెండువైపుల ఒకే రంగుల వరుసతో మొనలు వేయవలెను. మొనవద్ద మెలిని వీలైనంత తక్కువగా విప్పవలెను. ఈ తీగ రూపమున నెట్ వైరే యైనను, హెచ్.డి.బేస్‌టి సంకేతమును ఇంటర్నెట్టు స్విచ్చి గుండ పంపరాదు. పెట్టెనుండి పెట్టెకు నేరుగా పోవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది పైపు. తీగను నేరుగా సున్నములో పూడ్చక, పైపులోనే వేయుడు. దానితో ఒక గట్టి త్రాడు కూడ విడువుడు. 2017లో వచ్చిన హెచ్.డి.ఎం.ఐ. 2.1 పద్ధతి సెకనునకు 4,800 కోట్ల అంకెలవరకు మోయును. అంత భారమును కుదింపకుండ నేటి జంటతీగలు మోయలేవు. అందులకు గాజుపోగు తీగ కావలెను. రేపు అది కావలసివచ్చినచో పైపున్నవాడు లాగి వేసికొనును. లేనివాడు గోడ పగులగొట్టవలెను.

చివరగా పరీక్ష. పాత కాలపు టెలివిజనులో సంకేతము తగ్గినకొలది బొమ్మపై మంచుపొడివలె చుక్కలు పడెడివి. అవి మనకు ముందుగా హెచ్చరిక చేసెడివి. డిజిటల్ చిత్రము అట్లు కాదు. చెరువు కట్టవలె తుదివరకు నిండుగా నిలిచి, ఒక్కసారిగా తెగును. తెగినపిమ్మట రెండు యంత్రములు మరల ఒకదానినొకటి గుర్తించుటకు కొన్ని సెకండ్లు పట్టును. మంగళసూత్రధారణ ఆ సెకండ్లలోనే ముగిసినది. కావున బొమ్మ కనబడినదని తృప్తిపడరాదు. గోడ మూయకముందే పూర్తి పొడవున, నిజముగా వాడబోవు యంత్రముతో, పెద్ద చిత్రముతో కొన్ని గంటలు నడిపి చూడవలెను.

మా అదృష్టవశమున మావాడు పైపు వేసియుండెను. పాత తీగ కొననే క్రొత్త రాగి తీగకు కట్టి లాగగా, ఒక్క పూటలో పని ముగిసినది. నేడు మన పాఠశాల వార్షికోత్సవమును మా తల్లిగారు మంచముమీదనుండియే చూచుచున్నారు. చిన్నపిల్లలు తెలుగు పద్యము తప్పు చదివినచో అచటినుండియే దిద్దుచున్నారు. ఆ ముహూర్తము మాత్రము మరల రాదు.

విద్యార్థులారా! తెలియని విషయము ఎదురైనప్పుడు "ఏదో ఒకటి" అను మాట పలుకకుడు. ఆ మాట ఖరీదు వెంటనే తెలియదు. గోడ మూసి, సున్నము వేసి, అంతయు చక్కగా నున్నదని మనము మరచిన తరువాత, ముఖ్యమైన గడియలో అది తన వెల వసూలు చేసికొనును.