నిపుణుల మాట ప్రజలకూ వినబడాలి

2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ రెండో వేవ్ విరుచుకుపడినప్పుడు ఆక్సిజన్ కోసం, మంచం కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగిన కుటుంబాలు ఇప్పటికీ ఒక ప్రశ్న అడుగుతూనే ఉన్నాయి: ఇది వస్తుందని ముందే ఎవరికీ తెలియలేదా? ప్రభుత్వం శాస్త్రవేత్తల మాట వినలేదని కొందరంటారు. శాస్త్రవేత్తలే తప్పు చెప్పారని ఇంకొందరంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ అసలు లోపం వాళ్ల మధ్య సలహా నడిచిన తీరులో ఉందని నేననుకుంటున్నాను. ఎవరు ఏం చెప్పారో, దేని ఆధారంగా చెప్పారో, ఎవరు విభేదించారో దేశానికి తెలిసే ఏర్పాటు లేకపోయింది.

2020 అక్టోబరులో కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం నియమించిన సూపర్ మోడల్ కమిటీ తన అంచనాలను వెల్లడించింది. హైదరాబాద్ ఐఐటీ ఆచార్యులు ఎం. విద్యాసాగర్ దానికి అధ్యక్షులు. దేశంలో సుమారు 30 శాతం మందికి అప్పటికే వైరస్ సోకి ఉంటుందని, జాగ్రత్తలు సడలకుండా ఉంటే 2021 ఫిబ్రవరి చివరికి కేసులు బాగా తగ్గిపోతాయని కమిటీ చెప్పింది. జనంలోకి వెళ్లేసరికి ఆ షరతు మరుగునపడి, ముగింపు దగ్గరపడిందన్న ధైర్యమే మిగిలింది. ఫిబ్రవరి 4న భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మూడో సీరో సర్వే ఫలితాలు వచ్చాయి. రక్తంలో యాంటీబాడీలు చూసి ఎంతమందికి వైరస్ సోకిందో లెక్కగట్టే ఆ సర్వేలో తేలింది 21 శాతమే. డిసెంబరు, జనవరి నాటికి కూడా ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిది మందికి రక్షణ లేదన్నమాట. అయినా మార్చి 7న అప్పటి కేంద్ర ఆరోగ్యమంత్రి హర్షవర్ధన్ మహమ్మారి చివరి అంకానికి చేరుకున్నామని ప్రకటించారు. ఎన్నికల సభలు సాగాయి, హరిద్వార్ కుంభమేళాకు లక్షల మంది చేరారు. ఏప్రిల్ ముగిసేసరికి రోజువారీ కేసులు 4 లక్షలు దాటాయి. ఆ రెండు అంచనాల తేడాను కోవిడ్‌పై సలహాలిచ్చిన జాతీయ టాస్క్‌ఫోర్స్‌లో ఎవరైనా ఎత్తిచూపారా? దాని సమావేశాల మినిట్స్ బయటపెట్టి ఉంటే ఈ ప్రశ్న మనం ఇవాళ అడగాల్సి వచ్చేది కాదు.

డెల్టా రకం అంత వేగంగా పాకుతుందని ఎవరూ ఊహించలేరు కదా అనే వాదన ఉంది. నిజమే, ఆ వేగాన్ని ఏ లెక్కా ముందుగా పట్టుకోలేదు. కానీ రక్షణ లేనివాళ్లు ఎంతమందో తెలియడానికి డెల్టా వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఆక్సిజన్ సరిపడా ఉండేలా చూడాలని పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం 2020 నవంబరులోనే చెప్పింది. పైగా కొత్త రకం వైరస్‌తో సంబంధం లేని చోట కూడా ఇదే జరిగింది. ప్లాస్మా చికిత్సపై 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగులతో ఐసీఎంఆర్ స్వయంగా పరీక్ష జరిపింది. ఆ చికిత్స మరణాలను తగ్గించలేదని 2020 సెప్టెంబరులోనే తేలింది. విచ్చలవిడిగా వాడొద్దని నవంబరులో సూచించారు గానీ, చికిత్స మార్గదర్శకాల నుంచి దాన్ని తీసేసింది 2021 మేలో. ఈలోగా ప్లాస్మా దాతల కోసం ఎన్ని కుటుంబాలు అర్ధరాత్రిళ్లు ఫోన్లు చేశాయో! ఫలితం చేతిలో ఉండగా అన్ని నెలలు ఎందుకు ఆగారో, ఎవరు ఆగమన్నారో చెప్పే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

సలహాలన్నీ బయటపెడితే జనం భయపడతారని, నిపుణులు మనసు విప్పి మాట్లాడరని మరో అభ్యంతరం. బ్రిటన్‌లోనూ మొదట ఇదే జంకు ఉండేది. విమర్శలు పెరిగాక, 2020 మేలో అక్కడి సలహా సంఘం ‘సేజ్’ సభ్యుల పేర్లను, మినిట్స్‌ను ప్రచురించడం మొదలుపెట్టారు. అందువల్ల ప్రభుత్వం మారిపోయిందని కాదు. కొద్దికాలం లాక్‌డౌన్ పెట్టాలన్న సెప్టెంబరు 21 నాటి సలహాను అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ పక్కనపెట్టారు. కానీ అక్టోబరు 12న ఆ పత్రం బయటికొచ్చింది. మర్నాడే అప్పటి ప్రతిపక్ష నాయకుడు కీర్ స్టార్మర్ దాన్ని అమలు చేయమని పట్టుబట్టారు. నవంబరు 5న ఇంగ్లండ్‌లో లాక్‌డౌన్ రానే వచ్చింది. ఆలస్యం ఎవరిదో అక్కడి సామాన్యుడికి తెలుసు. మన దగ్గర 2021 ఏప్రిల్ చివర్లో వందల మంది శాస్త్రవేత్తలు, పరీక్షల వివరాలైనా చూడనివ్వండని ప్రధానికి విన్నవించుకోవాల్సి వచ్చింది. భయం సంగతంటారా, ఏమీ తెలియని చోటే వదంతులు ఎక్కువగా పుడతాయి.

కోవిడ్ కాలమంతా మన దేశం 1897 నాటి అంటువ్యాధుల చట్టంతో, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంతో నడిచింది. నిపుణుల సలహాను, దానితో ఏకీభవించని అభిప్రాయాలను నిర్ణీత గడువులో ప్రచురించాలన్న నిబంధన ఆ రెండిట్లోనూ లేదు. ఆ నిబంధన చేర్చడానికి పార్లమెంటు మరో మహమ్మారి వచ్చేదాకా ఆగనక్కర్లేదు.