రక్తంలో తిరిగే కేన్సర్ కణాలు

1869లో ఆస్ట్రేలియా వైద్యుడు థామస్ ఆష్‌వర్త్, కేన్సర్‌తో చనిపోయిన ఒక రోగి రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూశాడు. కణితిలో ఉన్నవాటి లాంటి కణాలే అందులోనూ కనిపించాయి. కణితి నుంచి విడిపోయిన కణాలు రక్తం వెంట ప్రయాణిస్తాయనడానికి అది తొలి ఆనవాలు.

కాలేయ కేన్సర్‌లో ఈ సంగతికి చాలా విలువ ఉంది. కణితిని పూర్తిగా కోసి తీసేసినా అయిదేళ్లలో సగానికి పైగా రోగుల్లో జబ్బు తిరగబెడుతుంది. ఎవరిలో? షాంఘైలోని ఝోంగ్‌షాన్ ఆసుపత్రి పరిశోధకులు ఆపరేషన్‌కు వెళ్లే 123 మంది రక్తాన్ని పరీక్షించి, 2013లో ఫలితాలు ప్రకటించారు. 7.5 మిల్లీలీటర్ల రక్తంలో ఇలాంటి కణాలు కనీసం రెండు ఉన్నవారికి జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువని తేలింది. వేల కోట్ల ఎర్రకణాల మధ్య రెండే రెండు!

వాటిని పట్టేదెలా? కణం పైన ఉండే ఎప్‌క్యామ్ అనే ప్రోటీన్‌కు అతుక్కునే యాంటీబాడీలను సూక్ష్మమైన అయస్కాంత రేణువులకు తగిలించి రక్తంలో కలుపుతారు. అయస్కాంతం పెడితే ఆ కణాలు పక్కకు వచ్చేస్తాయి.

చిక్కేమిటంటే, చాలా కాలేయ కేన్సర్ కణాల మీద ఆ ప్రోటీన్ అంతగా ఉండదు. అవి తప్పించుకుంటాయి. కాబట్టి ఈ ఒక్క లెక్కనే నమ్మి చికిత్స నిర్ణయించడం తొందరపాటే. ఆపరేషన్ తర్వాత డాక్టర్లు ఇప్పటికీ ప్రధానంగా స్కానింగ్‌లు, ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్షతోనే రోగిని కనిపెట్టుకుని ఉంటారు.